ఇంధన పీడన రెగ్యులేటరు: గొట్టములు కలుపు పద్ధతి

పాఠశాల వార్షిక సంచికలో మోటారుకారు గొట్టములను గురించిన వ్యాసమేమిటని తల్లిదండ్రులలో కొందఱు ఆశ్చర్యపడవచ్చును. కాని కోయంబత్తూరులో తరతరములుగా కాపురమున్న మన తెలుగువారికి యంత్రవిద్య పరాయిది కాదు. ఒక మోటారుసైకిలును కొని, విప్పి, మరల బిగించి విద్య నేర్చిన జి. డి. నాయుడుగారు (1893–1974) ఈ ప్రాంతమువారే. 1920లో ఆయన ఒకే బస్సుతో పొల్లాచ్చి, పళని ఊళ్ల మధ్య రవాణా ఆరంభించెను. ఆయన పేర 2015లో ఈ నగరమున కార్ల ప్రదర్శనశాల యొకటి వెలసినది. చెట్టిపాళెములో 2003 నుండి కరి మోటారు స్పీడ్‌వే అను పందెపుబాట యున్నది. ఇట్టి ఊరిలో పెరుగు పిల్లలకు కార్లపై మక్కువ కలుగుట సహజము.

మా పూర్వవిద్యార్థులలో కొందఱు పాలిటెక్నిక్కులలో చదువుచున్నారు. కొందఱు వర్కుషాపులలో పని నేర్చుకొనుచున్నారు. వారు ఇంటికి వచ్చి, “ఫ్యూయల్ రెగ్యులేటరు మార్చుచున్నాము” అని చెప్పినపుడు, సంతోషింపవలెనో భయపడవలెనో తల్లిదండ్రులకు తెలియకున్నది. రెంటికిని కారణము కలదు. పని చక్కగా జరిగిన అది మంచి విద్య. తప్పుగా జరిగిన ఇంజను పాడగును. అంతకు మించి, నిప్పంటుకొని ప్రాణములకే ముప్పు రావచ్చును. కావున ఈ పని యెట్టిదో, అందులో ఏది ముఖ్యమో, మన భాషలో విశదపరుప సాహసించుచున్నాము.

1. రెగ్యులేటరు ఎందులకు?

పూర్వపు కార్లలో కార్బురేటరు ఉండెడిది. దానికి పెట్రోలు చదరపు అంగుళమునకు మూడు మొదలు ఆఱు పౌనుల పీడనముతో అందిన చాలును. నేటి పెట్రోలు కార్లలో ఇంజెక్టరులు పెట్రోలును తుంపరగా చిమ్మును. వీనికి సామాన్యముగా 3 బార్లు, అనగా చదరపు అంగుళమునకు 43.5 పౌనుల పీడనము కావలయును.

ఇంజెక్టరు ఎంతసేపు తెఱచియుండవలెనో కారులోని కంప్యూటరు నిర్ణయించును. ఆ కాలము సెకనులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. అంత కాలములో ఎంత పెట్రోలు వచ్చుననునది పీడనముపై ఆధారపడియుండును. మన వీధికుళాయినే చూడుడు. ఒకే కుళాయిని ఒకే కాలము తెఱచినను, నీరు బలముగా వచ్చు దినమున బిందె నిండును, లేనినాడు సగమే నిండును. పీడనము స్థిరముగా ఉన్నదను నమ్మకముతోనే కంప్యూటరు లెక్క వేయును. ఆ నమ్మకమును నిలుపునది రెగ్యులేటరు.

కర్మాగారమున అమర్చిన రెగ్యులేటరు మామూలు కారునకు సంపూర్ణముగా చాలును. పందెము కొఱకు కారును మార్చినపుడు, అనగా పెద్ద పంపు పెట్టినపుడో, టర్బో అమర్చినపుడో, పెద్ద ఇంజెక్టరులు వేసినపుడో, పీడనమును మనము కోరినట్లు సవరించుకొను రెగ్యులేటరుతో పని పడును. ఈ మూడింటిలో ఏదియు లేనిచో ఆ వస్తువుతో పనియే లేదు.

2. చెఱువు కలుజు

ఈ రెగ్యులేటరు పని తీరు తెలియుటకు చెఱువు కలుజును, అనగా అలుగును, తలచుకొన్న చాలును. చెఱువులోనికి నీరు ఎంత వచ్చినను, కలుజు ఎత్తునకు మించినది పొరలి దిగువ కాలువలోనికి పోవును. కావున చెఱువు మట్టము కలుజు ఎత్తును మించదు. కలుజుపై పలకలు నిలిపిన మట్టము హెచ్చును, తీసిన తగ్గును. కాని దిగువ కాలువ పూడియున్నచో పలకలన్నియు తీసినను మట్టము దిగదు.

రెగ్యులేటరులో కలుజు వంటిది ఒక వాల్వు. దానిపై డయాఫ్రము అను పలుచని సాగెడు పొర, ఆ పొరపై ఒక స్ప్రింగు ఉండును. స్ప్రింగు వాల్వును మూయజూచును. క్రిందినుండి పెట్రోలు దానిని తెఱువజూచును. పెట్రోలు బలము మించినపుడు వాల్వు కొంచెము లేచి, అదనపు పెట్రోలు తిరుగు గొట్టము ద్వారా టాంకునకు పోవును. పైనున్న మఱను గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు త్రిప్పిన స్ప్రింగు బిగిసి పీడనము హెచ్చును. ఎదురు దిక్కునకు త్రిప్పిన తగ్గును.

రెగ్యులేటరు తలపై సన్నని గొట్టము తగిలించు ముక్కు ఒకటి ఉండును. దానిని గాలి లోనికి పోవు మానిఫోల్డునకు కలుపవలెను. దాని అవసరము ఈ క్రింది లెక్కవలన తేటపడును.

3. కొంచెము లెక్క

ఇంజెక్టరు వెనుక పెట్రోలు పీడనము, ముందు మానిఫోల్డు గాలి పీడనము ఉండును. పెట్రోలును చిమ్మించునది ఈ రెంటి భేదమే. భేదమును 3 బార్లుగా నిలుపదలచితి మనుకొందము. కారు నిలిచి ఇంజను మెల్లగా తిరుగునపుడు మానిఫోల్డులో గాలి బయటి గాలికంటె సుమారు 0.6 బారు తక్కువగా ఉండును. అపుడు పెట్రోలు పీడనము 2.4 బార్లుండవలెను. టర్బో 0.7 బారు గాలిని అదనముగా నెట్టునపుడు పెట్రోలు 3.7 బార్లకు పెరుగవలెను. సన్నగొట్టము సరిగా కలిపియున్నచో ఈ హెచ్చుతగ్గులు తమంతట తామే జరుగును.

ఆ గొట్టమును కలుపుట మఱచిన ఏమగును? టర్బో పనిచేయునపుడు భేదము 2.3 బార్లకు పడిపోవును. పెట్రోలు ప్రవాహము పీడనపు వర్గమూలము ననుసరించి మారును గనుక, సుమారు నూటికి 12 వంతుల పెట్రోలు తగ్గును. గాలి అధికమై పెట్రోలు తక్కువైన మిశ్రమము టర్బో బలముక్రింద అకాలమున ప్రేలి, పిస్టనుకు రంధ్రము చేయగలదు. ఆ హాని క్షణములలో జరిగిపోవును.

ఈ వర్గమూల సూత్రమే మఱియొక పాఠమును గూడ చెప్పుచున్నది. పీడనమును 3 నుండి 4 బార్లకు హెచ్చించిన పెట్రోలు నూటికి 15 వంతులే హెచ్చును. రెట్టింపు పెట్రోలు కావలెనన్న పీడనము నాలుగు రెట్లు కావలయును. అది పంపునకు శక్యము కాదు. పైగా పీడనము హెచ్చినకొలది పంపు ఇచ్చు పెట్రోలు తగ్గును, అది త్రాగు విద్యుత్తు పెరుగును. ఎక్కువ పెట్రోలు కావలసినవారు పెద్ద ఇంజెక్టరులు వేసి కంప్యూటరు లెక్కను సవరింపవలెనే గాని, మఱ బిగించి వేగము సంపాదింపజూడరాదు.

4. గొట్టముల వరుస

ఈ పాఠమునకు ప్రాణమువంటి భాగమిదియే. పెట్రోలు నడువవలసిన త్రోవ యిది: టాంకు, పంపు, ఫిల్టరు, ఇంజెక్టరులకు పెట్రోలు పంచు రెయిలు, రెగ్యులేటరు, మరల టాంకు. రెగ్యులేటరు రెయిలునకు తరువాత రావలెను. అపుడు క్రొత్త పెట్రోలు ఎడతెగక రెయిలు గుండా పారుచు, ఇంజను వేడిమికి పుట్టు ఆవిరిని వెంట తీసికొనిపోవును. రెయిలులోని పీడనమే రెగ్యులేటరునకు తెలియును.

నాలుగు సిలిండరుల ఇంజనులో రెయిలు ఒక కొనకు పెట్రోలు వచ్చు గొట్టమును, రెండవ కొననుండి రెగ్యులేటరు ప్రక్కద్వారమునకు మఱియొక గొట్టమును కలుపుదురు. అనేక రెగ్యులేటరులకు ప్రక్కద్వారములు రెండుండును; పని లేనిదానిని బిరడాతో మూయవలెను. అడుగుననున్న ద్వారము తిరుగు గొట్టమునకు. ప్రక్కద్వారమును అడుగుద్వారమును తారుమారు చేసిన రెగ్యులేటరు పని చేయదు. ద్వారముల గుర్తులు తయారీదారుని కాగితములో ఉండును, చూచియే కలుపవలెను.

తిరుగు గొట్టము వచ్చు గొట్టముకంటె సన్ననిది కాకుండుట మేలు. దానిలో నొక్కులు, బిగువైన మలుపులు ఉండరాదు. రెగ్యులేటరును ఇంజనుపై గాక కారు దేహముపై, పొగగొట్టమునకు దూరముగా బిగింపవలెను. తలపైని సన్నగొట్టమును థ్రాటిలుకు తరువాతి మానిఫోల్డునుండి నేరుగా తీసికొనవలెను. దానిలో ఇతర పరికరములతో పొత్తు పనికిరాదు.

ఇచట ఒక హెచ్చరిక. నేటి కార్లలో పెక్కింటికి తిరుగు గొట్టమే లేదు. రెగ్యులేటరు టాంకులోపలనే పంపుతోబాటు ఉండును. అట్టి కారునకు బయట మఱియొక రెగ్యులేటరు పెట్టదలచిన, టాంకువరకు క్రొత్త తిరుగు గొట్టమును వేసి, లోపలి రెగ్యులేటరును తప్పింపవలెను. రెండును ఉన్నచో తక్కువ పీడనమునకు తెఱచుకొనునదే ఏలును. ఇక కామన్‌రెయిలు డీజిలు ఇంజనులలో పీడనము వేయి బార్లకు మించును; సిలిండరులోనికే నేరుగా పెట్రోలు చిమ్ము ఇంజనులలో గూడ వందల బార్లుండును. ఆ ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. ఈ పాఠము వానికి వర్తింపదు. అభ్యాసకులు వానిని ముట్టరాదు.

5. గొట్టములు, బిగింపులు

పెట్రోలు గొట్టములన్నియు ఒక్కటి కావు. 30ఆర్7 అను గుర్తుగల రబ్బరు గొట్టము తక్కువ పీడనమునకు; 30ఆర్9 ఇంజెక్షను పీడనమునకు; టాంకులో మునిగియుండు చోట 30ఆర్10 వాడవలెను. మామూలు గొట్టము లోపల తగినదైనను, పెట్రోలులో మునిగినపుడు బయటినుండి ఉబ్బి చెడును. మన దేశమున పెట్రోలులో నూటికి 20 వంతుల ఎథనాలు కలుపుట 2023లో ఆరంభమైనది. పాత రబ్బరుకు ఎథనాలు సరిపడదు. కావున ఎథనాలునకు తగినదని ముద్రగల గొట్టమునో, టెఫ్లాను లోపొరగల గొట్టమునో కొనవలెను. ఉక్కుతీగల అల్లిక చూచి మోసపోరాదు. నాసిరకపు రబ్బరు పగుళ్లను ఆ అల్లిక కప్పిపుచ్చును.

రబ్బరు గొట్టమునకు అంచులు గుండ్రముగా మలచిన ఇంజెక్షను క్లిప్పులు వాడవలెను. గాడులుకోసిన సామాన్యపు క్లిప్పు రబ్బరును కోసివేయును. ఏఎన్ అనబడు మఱకలుపులు వాడువారు వాని సంఖ్యల అర్థము తెలిసికొనవలెను. ఆఱవ సంఖ్య యనగా అంగుళములో పదునాఱవ వంతులు ఆఱు. ఎనిమిదవ సంఖ్య యనగా అర అంగుళము. ఇవి 37 డిగ్రీల ఏటవాలుగల లోహపు ముఖములు రెండు ఒకదానిపై నొకటి కూర్చుండుటచే పెట్రోలును ఆపును. మఱలు బిగించి ఉంచుట కొఱకే. కావున వీనికి టేపు చుట్టరాదు. నీటిగొట్టములవలె మొన సన్నగిలిన మఱలుగల ద్వారములకు మాత్రము పెట్రోలునకు కరగని పూతమందు పూయవచ్చును. అచటగూడ తెల్లటేపు వలదు. దాని పీలికలు తెగి వాల్వులో చిక్కుకొనును.

6. పని చేయు క్రమము

పని ఆరుబయట, లేక గాలి ధారాళముగా వచ్చు చోట చేయవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. వర్కుషాపు గోతిలో అది పేరుకొనును. సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలో గూడ పెట్రోలు మండగల ఆవిరి నిచ్చునన్న, మన ఊరి యెండలో సంగతి చెప్పనక్కఱలేదు. దగ్గఱ పొడి చిమ్ము అగ్నిమాపకయంత్రము ఉండవలెను. నీటితో పెట్రోలు మంట ఆఱదు, పారును.

మొదట పంపు ఫ్యూజును తీసి, ఇంజను తనంతట ఆగువఱకు నడుపవలెను. ఇందువలన గొట్టములోని పీడనము దిగును. పిమ్మట బ్యాటరీ నెగెటివు తీగను విప్పి, చల్లారిన ఇంజనుపై పని ఆరంభింపవలెను. గొట్టము విప్పునపుడు గుడ్డ చుట్టి, కండ్లద్దములు ధరింపవలెను. క్రొత్తగా కోసిన గొట్టముల లోపలి తునుకలను గాలితో ఊది శుభ్రము చేయవలెను.

అన్నియు కలిపిన తరువాత మఱను బాగుగా వదులుచేసి, ఇంజను నడుపక పంపును మాత్రము నడిపి, ప్రతి కలుపునకు తెల్లకాగితము చుట్టి పది నిమిషములు చూడవలెను. కాగితము తడిసిన చోటు మరల బిగింపవలెను. తడి లేదని తేలినపిమ్మటనే ఇంజను నడుపవలెను.

పీడనము సరిచేయునపుడు తలపైని సన్నగొట్టమును ఊడదీసి, మానిఫోల్డు వైపు కొనను మూయవలెను. అపుడు గేజిని చూచుచు మఱను కొంచెము కొంచెముగా త్రిప్పి 3 బార్లకు తెచ్చి, లాక్‌నట్టు బిగింపవలెను. సన్నగొట్టము మరల తగిలింపగానే ముల్లు దిగవలెను. దిగనిచో ఆ గొట్టమున దోషము కలదు. ఆ గొట్టములో పెట్రోలు తడి కనిపించినచో డయాఫ్రము చినిగినదని గ్రహించి, ఇంజనును వెంటనే ఆపవలెను.

పెట్రోలు నిండిన గేజిగొట్టమును ఎన్నడును డ్రైవరు కూర్చుండు చోటికి తేరాదు. అచట విద్యుత్ గేజి పెట్టవలెను. ఇంజను ఆగగానే పంపు ఆగునట్లు కారులోనున్న కట్టుబాటును తప్పింపరాదు. ప్రమాదమున గొట్టము తెగినపుడు మంటకు పెట్రోలు పోయకుండ ఆపునది అదియే.

7. మేము చూచినది

గత సంవత్సరము మా పూర్వవిద్యార్థి యొకడు మా భౌతికశాస్త్రపు గదికి వచ్చి, “సార్, మఱ మొత్తము వదులుచేసినాను, అయినను ముల్లు 4.2 బార్లనుండి దిగుట లేదు. రెగ్యులేటరే చెడ్డది కాబోలు” అనెను. మేము వెంట వెళ్లితిమి. కారు పందెపుబాట కొఱకు సిద్ధము చేయుచున్నది. అతని తండ్రియు అచటనే నిలిచియుండిరి.

“కలుజు క్రింద కాలువ చూచితివా?” అని అడిగితిమి. అతడు కొంతసేపు ఆలోచించి కారు క్రింద దూరెను. తిరుగు గొట్టమును పాత పెట్రోలుగొట్టమునకు గాక, టాంకు ఆవిరిని తీసికొనిపోవు సన్నని గొట్టమునకు కలిపియుండెను. పెట్రోలు పోవు త్రోవ చాలక పీడనము నిలిచియున్నది. రెగ్యులేటరు దోషము ఏమియు లేదు.

అంతలో మాలో ఒకరికి పెట్రోలు వాసన తగిలెను. వెదకి చూడగా, రెగ్యులేటరు దగ్గఱి సామాన్యపు క్లిప్పు రబ్బరును కోసి, చుక్క చుక్కగా తడి ఊరుచున్నది. దానికి జానెడు దిగువ టర్బో పొగగొట్టము. ఆ గొట్టము బాటపై వందల డిగ్రీలకు కాగును. మఱునాడే కారు బాటకు పోవలసియున్నది.

తండ్రిగారు మావైపు తిరిగి, “పీడనము ఎక్కువయితే బండి ఇంకా వేగము పోవునుగదా అండీ, అంతగా భయపడవలెనా?” అని అడిగిరి. మేము బదులు చెప్పకమునుపే కుఱ్ఱవాడు, “లేదు నాయనా, నేను గేజిని చూచితిని గాని గొట్టమును చూడలేదు. రేపు పోను” అనెను. ఆ రాత్రి అతడు గొట్టములన్నియు విప్పి, తగిన క్లిప్పులతో, సరియైన వరుసలో మరల కలిపెను. మూడవ దినమున ముల్లు 3 బార్లపై నిలిచినది. అతడు పోగొట్టుకొన్నది ఒక దినపు పరుగు మాత్రమే.

8. చట్టము మాట

ఈ మార్పులన్నియు పందెపుబాటపై నడుచు కార్లకు చెప్పినవి. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు ఇచ్చిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ విషయమును స్థిరపఱచినది. అదే సంవత్సరపు సవరణ చట్టము వలన, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు యజమానికి అయిదువేల రూపాయల జరిమానా, లేక ఆఱు మాసములవఱకు జైలు, లేక రెండును విధింపవచ్చును. ఇంటి బండిపై ఈ ప్రయోగము చేయుటకు పిల్లలను అనుమతింపకుడని మా మనవి.

9. తల్లిదండ్రులు అడుగవలసిన ప్రశ్నలు

మీ కుమారుడో కుమార్తెయో ఈ పనికి పూనుకొన్నపుడు వలదని త్రోసిపుచ్చుట సులభము. కాని వారు చాటుగా చేయుటకంటె మీ యెదుట చేయుట మేలు. యంత్రవిద్య తెలియకున్నను ఈ అయిదు ప్రశ్నలు మీరడుగవచ్చును.

మొదటిది: ఈ రెగ్యులేటరు అవసరమేమి? రెండవది: రెయిలునకు తరువాతనే ఉన్నదా, తిరుగు గొట్టము ధారాళముగా టాంకువఱకు పోవుచున్నదా? మూడవది: గొట్టములమీద ఏ గుర్తులున్నవి, చూపుము. నాలుగవది: తడి పరీక్ష చేసితివా, ఎంతసేపు? అయిదవది: అగ్నిమాపకయంత్రము ఎచట నున్నది?

నిజముగా నేర్చినవాడు ఈ ప్రశ్నలకు విసుగుకొనక, గొట్టము పట్టుకొని చూపుచు జవాబు చెప్పును. జవాబు తడబడినచో తాళపుచెవి ఆ దినమునకు మీయొద్దనే ఉంచుకొనుడు. పై కుఱ్ఱవానికి రెగ్యులేటరు బిగించుట ముందే వచ్చును. ఆ సాయంకాలము వానికి వచ్చినది, సిద్ధమైన కారును సిద్ధము కాలేదని ఒప్పుకొనుట. మీ ప్రశ్నలవలన మీ పిల్లలకు ఆ విద్యయే అలవడునని మా నమ్మకము.